చోటు లేక పారేసిన ప్యాకెట్

నేను ఉద్యోగంలో ఉన్న చివరి ఏడాది, వానలు వెనకపట్టు పట్టిన రోజుల్లో, బెంగుళూరు హెడ్డాఫీసు నుంచి నన్ను బళ్లారికి పంపారు. ఆర్డర్లో 'ఫీల్డ్ ఎనాలిసిస్' అని రాశారు. మా పెట్టె ఎక్కడో పని చెయ్యలేదు, ఎందుకు చెయ్యలేదో చూసి రమ్మని దాని అర్థం. అప్పటికి నా హోదా ప్రిన్సిపల్ ఇంజనీరు. వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ ఆ హోదాలో నా కింద ఒక్క మనిషీ ఉండడు. మామూలు రోజుల్లో ఎవరికీ గుర్తు రాను, ఏదైనా పాడైతే మాత్రం ముందు నాకే ఫోను వస్తుంది. కుర్రవాళ్ళు నా వెనకాల 'పోస్టుమార్టం మేడమ్' అనుకునేవారు. అది నా చెవిన పడితే నవ్వుకునేదాన్ని. ఈసారి ఆ మాట గుర్తొస్తే నవ్వు రాలేదు.

బళ్లారి నాకు కొత్త కాదు. నేను పుట్టి పెరిగింది అక్కడి కంటోన్మెంట్‌లోనే. మా కంపెనీ ఫీల్డాఫీసు కూడా అక్కడే, ఒక పాత పెంకుటింట్లో రెండు గదులు అద్దెకు తీసుకుని నడిపేవారు. ఒక గదిలో మరమ్మతుకు వచ్చిన పెట్టెలు, రెండో గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు. ఆ బల్ల దగ్గరే ఈ కథంతా తేలింది.

ముందు ఆ పెట్టె ఏమిటో చెప్పాలి. ఇనుపరాతి గనుల్లో కొండను మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ కిందికి దిగుతారు. ఒక్కో మెట్టును బెంచీ అంటారు. వానలకు ఆ గోడలు నాని జారే ప్రమాదం ఉంది. అందుకని గోడ పొడవునా కదలికను పసిగట్టే సెన్సర్లు పాతుతారు. అవి చెప్పే సంగతులన్నీ ఒకచోట చేరి, వైర్ల మీదుగా గని అంచున ఉండే మా పెట్టెకు వస్తాయి. గోడ కదిలిందని సందేశం రాగానే మా పెట్టె సైరన్ మోగించాలి, కంట్రోల్ రూములో తెరమీద పచ్చదీపాన్ని ఎర్రగా మార్చాలి. పెట్టె లోపల ఉండేది ఒక చిన్న కంప్యూటరు. దాని ఆపరేటింగ్ సిస్టమ్‌లో మెమరీనీ యంత్రాన్నీ నేరుగా ఏలే భాగం పేరు కెర్నెల్. వైరు మీద వచ్చిన ప్రతి ప్యాకెట్టూ, అంటే ప్రతి సందేశపు మూటా, ముందు కెర్నెల్ చేతిలో పడుతుంది. నా ఉద్యోగ జీవితమంతా కెర్నెల్‌లోని ఆ నెట్‌వర్క్ భాగంలోనే గడిచింది.

యశ్వంతనగర్ అవతల ఒక గనిలో, రెండు రోజుల ముసురు తర్వాత, బెంచీ ఒకటి జారింది. సైరన్ మోగలేదు. డ్రిల్లింగ్ మెషీన్ నడిపే తిమ్మప్ప దాని కింద పడి చనిపోయాడు. పైనుంచి చిన్న చిన్న రాళ్ళు దొర్లడం చూసి తక్కినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. తిమ్మప్పను కూడా రమ్మన్నారట. 'సైరన్ కూయలేదు గదప్పా, ఇంగా టైముంది' అని, ఇరుక్కున్న డ్రిల్లు కడ్డీని పైకి లాగుతూ అక్కడే నిలబడిపోయాడట.

తిమ్మప్ప తమ్ముడు ఎర్రిస్వామి మా కంపెనీలో సీనియర్ ఇంజనీరు. మా పెట్టెలో ప్యాకెట్లను అందుకుని, చదివి, సైరన్ దాకా చేర్చే కెర్నెల్ భాగం రాసింది అతనే.

ఎవరి కోడ్ మీద విచారణ జరుగుతుందో ఆ మనిషి విచారణలో కూర్చోకూడదని మాకొక నియమం ఉంది. దినాలు అయిపోయిన మర్నాడే, గుండు ఇంకా నున్నగా ఉండగానే, ఎర్రిస్వామి కంటోన్మెంట్ ఆఫీసుకు వచ్చాడు. నియమం గుర్తు చేశాను. అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నాకి తెలుసు మేడమ్. నేనేమీ ముట్టను. సుమ్నె పక్కన కూచుంటా. మా వదిన దినామూ అడుగుతాండాది, సైరన్ యాల కూయలేదని. ఏం చెప్పల్లో తెలీక ఇంటికి పోలేకుండా ఉండా."

సుమ్నె అంటే ఊరికే అని. కన్నడం ఎక్కడ ఆగుతుందో తెలుగు ఎక్కడ మొదలవుతుందో మా ప్రాంతంలో ఎవరూ పట్టించుకోరు. బెంగుళూరు ఆఫీసులో ఎర్రిస్వామి నాతో ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. ఇంటి మాట అతని నోట వినడం అదే మొదలు.

కూర్చోమన్నాను. అప్పుడు మిగతా సంగతి చెప్పాడు. చోరనూరులో వాళ్ళ ఇల్లు. తల్లి చిన్నప్పుడే పోతే ఈ వదినే, హనుమక్క, అతన్ని పెంచింది. అన్న గనిలో పనిచేసి ఇంజనీరింగ్ చదివించాడు. పెట్టెలు తయారయ్యాక మొదటి పెట్టె అన్న పనిచేసే గనిలోనే పెట్టాలని ఎర్రిస్వామి మేనేజర్ల వెంటపడి సాధించుకున్నాడు. 'మావోడు చేసిన పెట్టె' అని హనుమక్క ఊరంతా చెప్పుకుంది. అందుకే సైరన్ మోగలేదంటే ఆవిడకు పెట్టె మీద అనుమానమే రాలేదు. ఆ వేళ కంట్రోల్ రూములో డ్యూటీలో ఉన్న మనిషి మీద వచ్చింది. అతని పేరు బసవరాజు, అదే ఊరివాడు. నిద్రపోయి ఉంటాడు, లేదా గోల భరించలేక సైరన్ ఆపేసి ఉంటాడు అని ఆవిడ నమ్మకం. శవం ఇంట్లో ఉండగానే వెళ్ళి బసవరాజు వాకిట్లో దోసిళ్ళతో మన్నెత్తి పోసి శాపనార్థాలు పెట్టింది. ఊరు ఆవిడ పక్షం వహించింది. బసవరాజు భార్యను కూలికి పిలిచేవాళ్ళు లేరు, అతనితో ఒక్క మాట మాట్లాడేవాళ్ళు లేరు.

"వాడు నిద్రపోయింటే పోనీ మేడమ్," అన్నాడు ఎర్రిస్వామి. "పోకుంటే? వాణ్ణి ఊరోళ్ళు బతకనీరు."

ఇక పని గురించి.

కంప్యూటర్లతో పనిచేసేవాళ్ళు ఏ తేడా వచ్చినా ముందు చేసేది కరెంటు తీసి మళ్ళీ పెట్టడం. ఆ ఒక్క పనితో మాకు కావలసిన ఆనవాళ్ళన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఈ గనిలో అలా జరగలేదు. పోలీసులు కంట్రోల్ రూముకు తాళం వేసి, ఎవరూ ఏదీ ముట్టకూడదన్నారు. పెట్టె ఆనాటి నుంచీ అలాగే నడుస్తోంది. నేను పోలీసు అనుమతితో లోపలికి వెళ్ళి, కన్సోల్ కేబుల్ తగిలించి, లోపలి మెమరీ ఎలా ఉందో ఉన్నదున్నట్టు కాపీ చేసుకున్నాను. కంట్రోల్ రూము తెరమీద ఆ గోడకు సంబంధించిన దీపం పచ్చగా వెలుగుతోంది. కిటికీలోంచి చూస్తే ఆ గోడ కూలి కిందపడి ఉంది.

ఆ పచ్చదనం నన్ను చాలా సేపు కలవరపెట్టింది. సెన్సర్ల దగ్గర్నుంచి ఏ సందేశమూ రాకపోతే దీపం ఆరిపోవాలి. ఆరలేదంటే సందేశాలు వస్తూనే ఉన్నాయి. వస్తూ ఉంటే గోడ కదిలిన కబురు ఎందుకు రాలేదు?

దానికి జవాబు బఫర్లలో ఉంది. వచ్చిన ప్యాకెట్టును కెర్నెల్ మెమరీలో ఎక్కడో ఒకచోట పెట్టాలి. ఆ చోటును బఫర్ అంటాం. బయటివాళ్ళు బఫర్ అంటే ఒకటే తీరు అనుకుంటారు. ప్యాకెట్టు చిన్నదైతే మొదలు నుంచి చివరిదాకా ఒకే తునకగా ఒకచోట ఉంటుంది, చదవడం తేలిక. పెద్దదైతే కెర్నెల్ దాన్ని పేజీలనే సమాన ముక్కల్లో అక్కడక్కడా పెట్టి, ఏ ముక్క ఎక్కడుందో ఒక వరసగా గుర్తుంచుకుంటుంది. ఇవి కాక ఉమ్మడి బఫర్లు ఉంటాయి. ఒకే ప్యాకెట్టును తెర చూపించే ప్రోగ్రామూ రికార్డు చేసే ప్రోగ్రామూ ఒకేసారి వాడుకుంటుంటే దాన్ని చదవొచ్చు గానీ ఎవరూ దిద్దకూడదు. ఏ బఫర్ ఏ రకమో చూసి దానికి తగినట్టు నడుచుకోవడమే మా వృత్తిలో సగం నేర్పు. టిఫిన్ క్యారియర్‌లో పప్పుకు ఉప్పు సరిపోయిందో లేదో చూడాలంటే గిన్నెలన్నీ ఒక పళ్ళెంలో కుమ్మరించక్కర్లేదు, పప్పు గిన్నె మూత తీస్తే చాలు. ముక్కల్లో ఉన్న ప్యాకెట్టును ముక్కల్లోనే చదవడం అలాంటిది.

అయితే మూడు రకాలకు మూడు దారులు రాస్తే కోడ్ పెరుగుతుంది, తప్పులూ పెరుగుతాయి. అందుకని చాలామంది చేసేది ఒకటుంది. ఏ రకం వచ్చినా ముందు దాన్నంతా ఒకే తునకగా కాపీ చేసేస్తారు. దానికి కెర్నెల్‌లో సిద్ధంగా ఒక ఫంక్షన్ ఉంది, ఒక్క లైనులో పని అయిపోతుంది. ఆపైన అంతా ఒకే దారి. ఎర్రిస్వామి అలాగే రాశాడు. రివ్యూలో, అంటే ఒకరు రాసిన కోడ్‌ను తోటివారు చదివి ఒప్పుకునే పద్ధతిలో, నలుగురు చూసి శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారు. ఎవరైనా మెచ్చుకుంటారు.

అలా ఒక తునకగా చెయ్యడానికి మెమరీ దొరకకపోతే? ప్యాకెట్టును పారేసి ముందుకు పోవాలి. మా పరిభాషలో డ్రాప్. నెట్‌వర్క్ వాళ్ళకు డ్రాప్ నేరం కాదు, కనీసం సిగ్గుపడే విషయం కూడా కాదు. క్యూ నిండితే డ్రాప్, వైరు ఊగితే డ్రాప్. పంపినవాడు మళ్ళీ పంపుతాడులే అని ఒక ధీమా. చదువుకునే రోజుల నుంచీ మాకు ఇలాగే నూరిపోస్తారు. ఇంటర్నెట్ అంతా ఈ ధీమా మీదే నడుస్తోంది, బాగానే నడుస్తోంది కూడా.

గోడ నిమ్మళంగా ఉన్నంతసేపు సెన్సర్లు చెప్పేది 'ఉన్నాం, బాగున్నాం' అని చిన్న మాట. చిన్న ప్యాకెట్టు, ఒకే తునక, కాపీ అక్కర్లేదు. గోడ కూలినా, కబుర్లన్నీ చేరే చోటు నుంచి ఆ 'ఉన్నాం' మాట వస్తూనే ఉంటుంది, పచ్చదీపం ఆరనిది అందుకే. గోడ కదిలితే ప్రతి సెన్సరూ ఎంత కదిలిందో ఏకరువు పెడుతుంది. అవన్నీ కలిసి ఒక పెద్ద ప్యాకెట్టు అవుతాయి. అది ముక్కల్లో పడుతుంది. దాన్ని ఒకే తునకగా చెయ్యాలంటే మెమరీలో వరసగా ఖాళీ చోటు కావాలి. నేను కాపీ చేసి తెచ్చుకున్నదాంట్లో విడివిడి పేజీలు కావలసినన్ని ఖాళీగా ఉన్నాయి. వరసగా ఉన్న ఖాళీ మాత్రం ఎక్కడా లేదు. హొసపేట బస్సులో సీట్లు చాలానే ఖాళీగా ఉండి, ఒక కుటుంబం కలిసి కూర్చోవడానికి మాత్రం వరస దొరకనట్టు. నెలల తరబడి ఆపకుండా నడిచిన ఏ కంప్యూటరు మెమరీ అయినా అలాగే చెదిరిపోతుంది.

మరి మా పరీక్షల్లో ఇది ఎందుకు బయటపడలేదంటే, అందుకు మా ల్యాబ్ అలవాటే కారణం. ప్రతి పరీక్షకు ముందు పెట్టెను ఆపి మళ్ళీ మొదలుపెట్టేవారు. అప్పుడే కొలతలు నికరంగా వస్తాయని. అప్పుడే లేచిన పెట్టెలో మెమరీ దున్నిన చేనులా చదునుగా ఉంటుంది, ఎంత పెద్ద చోటు కావాలన్నా దొరుకుతుంది. మా పెట్టె పాతబడడం మేమెవ్వరం చూడలేదు.

కౌంటర్ల దగ్గరికి, అంటే పెట్టె తనలో తాను రాసుకునే లెక్కల దగ్గరికి వచ్చేసరికి ఎర్రిస్వామి ఒకే ఒక్క మాట అడిగాడు. తునకగా చెయ్యలేక పారేసిన ప్యాకెట్లను లెక్కపెట్టే కౌంటర్ ఎంత ఉందని. ఆ కౌంటర్ పెట్టినవాడు అతనే. ఎవరూ అడగకపోయినా, జాగ్రత్త కలవాడు కనుక పెట్టాడు. దాన్ని తెరమీద చూపించే ఏర్పాటు ఎవరూ చెయ్యలేదు.

సున్నా కాదన్నాను. అతను తల ఊపి, బయటికి వెళ్ళి, నీళ్ళ కుళాయి దగ్గర చాలాసేపు ముఖం కడుక్కుని వచ్చాడు.

అయినా ఊహ మీద రిపోర్టు రాయను. పక్క గదిలోంచి అలాంటి పెట్టెనే తెచ్చి బల్ల మీద పెట్టాం. సైరన్ తగిలించాం. దాని మెమరీని కావాలని చెదరగొట్టి, గనిలో ఉన్న స్థితికి తెచ్చాను. చిన్న ప్యాకెట్లు పంపితే పచ్చదీపం వెలుగుతూనే ఉంది. గోడ కదిలినట్టు పెద్ద ప్యాకెట్టు పంపాను. సైరన్ ఉలకలేదు, పలకలేదు. సెన్సర్లు ఎలా పంపుతాయో అలాగే మళ్ళీ పంపాను, మళ్ళీ పంపాను. కౌంటర్ పెరుగుతోంది. దీపం పచ్చగానే ఉంది. అదే పెట్టెను ఆపి మళ్ళీ మొదలుపెట్టి, అదే ప్యాకెట్టు పంపితే సైరన్ గది అదిరేలా మోగింది. పక్క ఇంటివాళ్ళు గోడమీంచి తొంగిచూశారు.

"ఇంగ సాలు మేడమ్," అన్నాడు ఎర్రిస్వామి.

బసవరాజు నిద్రపోలేదు. అతని తెరమీద ఎర్రదీపం వెలగనే లేదు. అతను చూస్తూ కూర్చున్నది పచ్చదీపాన్నే.

ఆ సాయంత్రమే మా డైరెక్టరుకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. 'నెట్‌వర్క్ పరిస్థితుల వల్ల ప్యాకెట్ నష్టం' అని రాస్తే తప్పేమైనా ఉందా అని అడిగాడు. తప్పు లేదు, కానీ అది చదివినవాడికి ఏమీ అర్థం కాదన్నాను. ఏ లైను, ఏ కారణం, ఏ పరిస్థితి అన్నీ రాశాను. దాన్ని దిద్దకుండా పైకి పంపించాడు. ఆ గౌరవం ఆయనకు ఇవ్వాలి. ఒక షరతు మాత్రం పెట్టాడు. లీగల్ వాళ్ళు ఒప్పుకునేదాకా బాధితుల కుటుంబంతో కంపెనీ మనిషెవరూ మాట్లాడకూడదు. అది మా దగ్గర ఎప్పటినుంచో ఉన్న నియమమే. అలాంటి ఒప్పుదల రావడానికి నెలలు పట్టేది.

ఎర్రిస్వామికి ఈ షరతు చెప్పాను. "నేనే బాధితుల కుటుంబం గదా మేడమ్," అన్నాడు. ఆవిడకు చెప్పకుండా ఉంటేనే మేలేమో అని మాత్రం అన్నాను. మొగుడు ఎలాగూ తిరిగి రాడు, కొడుకులా పెంచినవాణ్ణి కూడా పోగొట్టుకోవడం ఎందుకని. అతను ఒప్పుకోలేదు. చెప్పకపోతే బసవరాజు పోతాడన్నాడు. ఒక్కడే వెళ్ళే ధైర్యం లేదని, నన్ను రమ్మన్నాడు. వెళ్ళాను. నియమం తెలిసే వెళ్ళాను.

చోరనూరులో వాళ్ళ ఇల్లు ఊరి మొదట్లోనే ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. హనుమక్క గడప లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బొట్టు లేని ముఖం అలవాటు లేనిదై, మాటిమాటికీ నుదురు తడుముకుంటోంది. ఎర్రిస్వామిని చూసి ముందు అన్నం తిన్నావా అని అడిగింది. నాకు చాప వేసి, మజ్జిగ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"మన పెట్టె బాగానే ఉండాదని తేలినాది గదామ్మా?" అంది నాతో.

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"లేదు వదినా," అన్నాడు ఎర్రిస్వామి. "మన పెట్టెదే తప్పు."

"యాలప్పా అట్లంటావు? వాడు ఆ బసవరాజు..."

"బసవరాజు నిద్రపోలేదు వదినా. గోడ కదిలిన కబురు పెట్టె దాకా వచ్చింది. వాని దాకా పోలేదు. నడాన నేను రాసింది ఉండాది. కబురు పెద్దదైంది. దాన్ని పెట్టుకునేకి చోటు దొరకలేదు. పారేసింది."

"పారేసిందా?"

"ఊఁ."

"మల్లా రాలేదా ఆ కబురు?"

"వచ్చింది. మల్లా మల్లా వచ్చింది. అన్నీ పారేసింది."

"ఎవరప్పా పారేయమనింది?"

"నేనే వదినా. చోటు లేకుంటే పారేయమని నేనే రాసినా."

నేను ఊరుకోలేక, తప్పు ఇతనొక్కడిదే కాదమ్మా, చూసి ఒప్పుకున్నవాళ్ళం చాలామందిమి, మా వృత్తిలో అందరూ ఇలాగే రాస్తారు అన్నాను. నిజమే చెప్పాను. కానీ ఆ ఇంట్లో ఆ మాట ఎంత పనికిమాలినదో నా చెవికే వినబడింది. ఆవిడ నా వైపు తిరగలేదు. ఎర్రిస్వామినే చూస్తోంది. ఏడుస్తుందేమో, కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండునని అతను ఎదురుచూస్తున్నట్టు కనిపించింది. ఆవిడ ఏదీ చెయ్యలేదు. లేచి, కొంగు బిగించుకుని, "పా, బసవరాజు ఇంటికాడికి పోదాం," అంది.

ఊరి నడుమ నుంచి నడిచాం. ఆవిడ ముందు, వెనక ఎర్రిస్వామి, అతని వెనక నేను. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మాటలు ఆపేసి చూశారు. మొగుడు పోయి నెలైనా తిరగని విధవ వీధిలోకి రావడమే వాళ్ళకు వింత. మళ్ళీ మన్ను పోయడానికి వెళ్తోందనుకున్నారేమో, కొందరు లేచి వెంట వచ్చారు. బసవరాజు ఇంటి వాకిట్లో ముగ్గు లేదు. అతని భార్య హనుమక్కను చూసి బెదిరి, తలుపు సగం మూసి, ఆ సందులో నిలబడింది.

హనుమక్క అందరికీ వినబడేలా అంది: "నీ మొగుడు నిద్రపోలేదమ్మా. నేను వొచ్చి నీ వాకిట్లో మన్ను పోసినాను, నా పాపం నాకి తగుల్తాది. తప్పు మీది గాదు. మా ఇంటిదే. నేను సాకిన పిల్లోనిదే."

లోపలి నుంచి బసవరాజు బయటికి వచ్చాడు. మనిషి చిక్కి సగమయ్యాడు. గడప మీద కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఎర్రిస్వామి వెళ్ళి అతని పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. వెంట వచ్చిన జనం ఎటు చూడాలో తెలియక నిలబడ్డారు.

మా ఇంటిదే అన్న మాట గురించి నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆ మాటతో ఆవిడ అతన్ని ఊరందరి ముందూ తప్పు పట్టింది, ఆ తప్పులో తాను కూడా భాగం తీసుకుంది. పెట్టె మంచిదైనప్పుడు 'మావోడు' అన్నది, చెడ్డదైనప్పుడు కూడా కాదనలేదు. మా కంపెనీలో ఇంతమందిమి ఉండి, ఒక్కరం కూడా అలా అనలేదు.

తిరిగి వచ్చాక ఆవిడ తన గడప దాటి లోపలికి వెళ్ళి, వెనక్కి తిరిగింది. ఎర్రిస్వామి బయటే ఆగిపోయాడు.

"నిన్ను తిట్టేకి నాకి నోరు రాదప్పా. నీ మొగం చూసేకి మనసు రాదు. పో ఇంగ," అంది. కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అంది. తలుపు మాత్రం వెయ్యలేదు. మేము వీధి మలుపు తిరిగేదాకా అది తెరిచే ఉంది, గడపలో ఎవరూ లేరు.

కారు సండూరు దాటాక ఎర్రిస్వామి, ఉమ్మడి బఫర్ వచ్చినప్పుడు కాపీ లేకుండా ముక్కలను ఎలా చదవాలని నన్ను అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా చెప్పాను. అతనికి కావలసింది అదేనని తెలుసు.

కొత్త కోడ్ అతనే రాశాడు. ఎవరూ కాదనలేదు. ఇప్పుడు ఏ రకం బఫర్ వస్తే దాన్ని ఆ రకంగానే, ఉన్నచోటే చదువుతుంది, దేన్నీ ఒక తునకగా చెయ్యదు. హెచ్చరిక సందేశాల కోసం కొంచెం మెమరీని వేరుగా తీసి ఉంచాడు. దాని జోలికి ఇంకేదీ పోదు. ఏ ప్యాకెట్టునైనా పారేయవలసి వస్తే కంట్రోల్ రూములో దీపం వెంటనే ఎర్రగా మారుతుంది. ల్యాబులో పరీక్షకు ముందు పెట్టెను ఆపడం నేను మాన్పించాను. ఒక వరస పెట్టెలు నెలల తరబడి ఆపకుండా నడుస్తూ ఉంటాయి, పరీక్షలు వాటి మీదే. అన్ని గనుల్లో పెట్టెలూ మార్చడం పూర్తయిన కొద్ది రోజులకు నేను రిటైరయ్యాను.

ఎర్రిస్వామి ఆ ఉద్యోగంలోనే ఉన్నాడు. హనుమక్క అతనితో ఇంతవరకూ మాట్లాడలేదు. ఆవిడ ఆరోగ్యం ఎలా ఉందో, ఊళ్ళో ఏం జరుగుతోందో అప్పుడప్పుడు ఫోన్ చేసి చెప్పేది బసవరాజేనట.

ఈ పని నాకు నేర్పింది చిన్న విషయమే. మెమరీ ఎప్పుడో ఒకప్పుడు చాలకుండా పోతుంది, ఏదో ఒకటి పారేయక తప్పదు. పారేయమని రాసేవాళ్ళు ఆ లైను దగ్గరికి ఏమేం వచ్చి పడతాయో తెలుసుకుని రాయాలి, పారేసిన సంగతి అప్పటికప్పుడు ఒక మనిషికి తెలిసేలా రాయాలి. మా పెట్టె గోడ కదిలిన ప్రతి కబురునూ పారేసింది, పారేసినవాటిని ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టుకుంది, ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు. దాన్ని మేము అలాగే తయారుచేశాం.